రెండూ పసుపే

రంగుల కొట్టు వెనక గదిలో, కిటికీ పక్కన, ఒక ఎత్తు పీట ఉంది. ముప్పై ఒక్క ఏళ్ళుగా దాని మీద ఒకే మనిషి కూర్చుంటున్నాడు. పీటకి నాలుగు కాళ్ళూ రెండేసిసార్లు మారాయి గానీ మనిషి మారలేదు. కొట్టుకి వచ్చేవాళ్ళు ఆయన్ని ఎదురుగా ‘మేస్త్రీ గారూ’ అంటారు, వీపు తిరగ్గానే ‘ఇంకోబొట్టు’ అంటారు. ఏ రంగు కలిపినా సరే, బకెట్లోకి తొంగి చూసి, తల ఒక పక్కకి వాల్చి, “ఇంకో బొట్టు పడాలి” అనకుండా ఆయన మూత పెట్టిన రోజు లేదు. ఆ పేరు తనకి తెలియనట్టు ఆయన నటిస్తాడు. ఆయనకి తెలుసని తమకి తెలియనట్టు జనం నటిస్తారు. వ్యవహారం సాఫీగా నడిచిపోతోంది.

ఆయన పని రంగుకి రంగు జతపరచడం. ఒకరు చిరిగిన చొక్కా జేబు పట్టుకొచ్చి, “గది మొత్తం ఇదే రంగు కావాలి” అంటారు. ఇంకొకరు పగిలిన టైలు ముక్క తెస్తారు. ఒకావిడైతే ఏమీ తేకుండా వచ్చి, చిన్నప్పుడు తను ఉన్న ఇంటి తలుపు రంగు కావాలని నోటితో వర్ణించింది. మేస్త్రి మూడు గంటలు కూర్చుని కలిపి ఇస్తే ఆవిడ చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. సంతోషంతోనో, మూడు గంటలు నిలబడ్డందుకో, ఆవిడ చెప్పలేదు, ఈయన అడగలేదు.

కలిపిన రంగుని ఆయన కాగితం మీద చూడడు. ఎడమ చేతి బొటనవేలి గోరు మీద ఒక్క గీత రాసుకుని, గుమ్మంలోకి నడిచి, పగటి వెలుతురులో పట్టి, నోటితో ఊది, ఆరాక చూస్తాడు. తీర్పు ఆ గోరు మీదే. ఆ గోరు అసలు రంగేమిటో పెళ్ళయిన కొత్తలో ఆయన భార్య చూసిందట గానీ, ఆవిడకీ ఇప్పుడు జ్ఞాపకం లేదు.

అన్ని రంగులూ ఒక ఎత్తు, ఆయన తెలుపు ఒక ఎత్తు. డబ్బాలో వచ్చే తెలుపులో ఎక్కడో ఒక పిసరు పసుపు ఉంటుంది. చిన్న సీసాలో వచ్చే చిక్కటి నీలం రంగు బకెట్‌కి రెండు బొట్లు వేస్తే ఆ పసుపు చచ్చి, తెలుపు పాలలా తేరుకుంటుంది. “రెండే. మూడో బొట్టు పడిందా, గోడకి జలుబు చేస్తుంది” అని పడుచుతనంలో అందరికీ పాఠం చెప్పేవాడు. ఊళ్ళో బడి, ఆసుపత్రి, బేకరీ, మూడొంతుల ఇళ్ళు ఆ తెలుపే వేసుకున్నాయి. దానికి ‘మేస్త్రి తెలుపు’ అని పేరు కూడా స్థిరపడింది.

అయితే ఆరేళ్ళ క్రితం ఒక రోజున రెండు బొట్లు చాలలేదు. మూడోది వేశాడు. మరుసటేడు నాలుగు. ఈ ఏడు తొమ్మిది పడుతున్నాయి. ఇందులో ఆయనకి అనుమానించదగ్గ విషయమేమీ కనిపించలేదు. “డబ్బా తెలుపే ఏటేటా పసుపెక్కుతోంది. తయారుచేసేవాళ్ళకి శ్రద్ధ తగ్గింది” అని గోరు ఊదుకుంటూ తేల్చేశాడు.

కొట్టు ఇప్పుడు పాత యజమాని కూతురి చేతిలో ఉంది. నలభై ఏళ్ళ మనిషి, మాట సూటి. రంగులు కలిపే మిషను ఒకటి అమ్మడానికి ఒక సేల్స్ ఆయన ఏడాదిగా ఆవిడ చుట్టూ తిరుగుతున్నాడు. ఆవిడ ఒకనాడు పీట దగ్గరికి వచ్చి చెప్పింది.

“మీ కళ్ళు బాగున్నన్నాళ్ళూ ఈ పీట మీది, మేస్త్రీ గారూ. కళ్ళు మసకబారిన రోజున మిషను తెప్పిస్తాను. ఆ రోజు వస్తే మాత్రం నా దగ్గర దాచకండి.”

“నా కళ్ళు మసకబారేనాటికి మీ మిషను తుప్పు పట్టి ఉంటుందమ్మా” అన్నాడు మేస్త్రి. అన్నాడే గానీ, ఆ పీట లేకపోతే తెల్లారి లేచి చొక్కా తొడుక్కోవడం దేనికో ఆయనకి తెలియదు. అరవై మూడేళ్ళు వచ్చాయి. ఇంకో పని రాదు, ఇంకో ముచ్చట లేదు.

ఇక ఆయన భార్య. ఆవిడ ఇంట్లోనే రఫూ పని చేస్తుంది. ఆవిడ చేతిలో పడ్డ కోటు ఎక్కడ చిరిగిందో ఆ కోటు తొడుక్కునేవాడే వెతుక్కోవాలి. దారాలన్నీ ఒక పాత బిస్కెట్ల డబ్బాలో ఉంటాయి. అందులో ఒక్క నలుపులే పదకొండు రకాలు. ఒకప్పుడు ఏ దారం ఏ గుడ్డకి సరిపోతుందో మొగుడి గోరు ముందు పెట్టి అడిగేది. ఆరేళ్ళుగా అడగడం మానేసింది. చేతికి పని పెరిగేసరికి ఆవిడకి కళ్ళు నెత్తికెక్కాయని మేస్త్రి అనుకున్నాడు. మనసులో నొచ్చుకున్నాడు కూడా. అడిగితే లోకువైపోతానని అడగలేదు.

ఆవిడ గురించి ఇంకొక్క మాట చెప్పకపోతే ఈ కథ ముందుకు నడవదు. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆవిడ ఆయన చెప్పినదానికి ఒక్కసారి కూడా అవునన్నది లేదు. “ఇవాళ ఎండగా ఉంది” అంటే “ఎండెక్కడ? ఉక్క” అంటుంది. సరేనని మరునాడు “ఉక్కగా ఉంది” అంటే “ఉక్కకేం, చక్కటి గాలి” అంటుంది. కోపమేమీ కాదు, పద్ధతి అంతే. మేస్త్రికి అది గోడ గడియారం చప్పుడులా అలవాటైపోయింది.

ఆవిడ అక్కగారి భర్త, అంటే మేస్త్రికి తోడల్లుడు, బడిలో సైన్సు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. అయిన వారానికే టెలిస్కోపు ఒకటి కొని డాబా మీద పెట్టాడు. అది వచ్చిన నాటి నుంచి చుట్టాలు ఆ ఇంటికి పగటిపూటే వెళుతున్నారు. చీకటి పడే వేళకి వెళ్ళారా, మెడ నొప్పి పుట్టేదాకా వదలడు. తోడల్లుళ్ళిద్దరికీ మొదటి నుంచీ పోటీ. ఈయన కుడి అంటే ఆయన ఎడమ. ఆ సాయంత్రం మాత్రం దొరికిపోయారు. వదినగారు కొత్త కుర్చీలు కొన్నారని చూడబోతే, మాటల్లో పొద్దు కుంకింది. ఏడు గంటలకల్లా నలుగురూ డాబా మీద ఉన్నారు.

“నెత్తి మీద చూడు తమ్ముడూ. రెక్కలు చాపిన హంసలా లేదూ? దాని ముక్కు చివర చుక్క పేరు అల్బిరియో” అన్నాడు తోడల్లుడు, నల్లబల్ల ముందు నిలబడ్డ గొంతుతో. “మామూలు కంటికి ఒక్కటే. గొట్టంలోంచి చూస్తే రెండు. పక్కపక్కనే, మొగుడూ పెళ్ళాల్లా. ఇవి ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే జంటా, లేక ఊరికే పక్కపక్కన కనిపిస్తున్నాయా అన్నది మాత్రం ఇంకా గట్టిగా తేలలేదు.”

“ఎన్నాళ్ళ బట్టీ చూస్తున్నారు బావగారూ?” అంది మేస్త్రి భార్య.

“రెండు వందల ఏళ్ళు దాటింది.”

“అయితే మా సంగతి తేలడానికి ఇంకా చాలా టైముంది.”

తోడల్లుడు ఆ మాట విననట్టు ముందుకు సాగిపోయాడు. “అసలు విశేషం వాటి రంగు. ఒకటి అచ్చం బంగారం, ఒకటి నీలం. నువ్వు రంగుల మనిషివి, ఇది నీకు చూపించకపోతే నా గొట్టం ఉండి దండగ. రా!”

మేస్త్రి కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, వంగి, ఎడమ కన్ను ఆనించాడు. చాలాసేపు చూశాడు. తల ఒక పక్కకి వాల్చబోతే గొట్టం అడ్డొచ్చింది.

“రెండు ఉన్నాయి. పెద్దది పసుపు.”

“చిన్నది?”

“అదీ పసుపే. కాస్త వెలిసింది.”

“సరిగ్గా చూడు తమ్ముడూ. అది నీలం.”

“అన్నయ్యా, నువ్వు ముప్పై ఏళ్ళు సుద్దముక్కతో గడిపావు. నేను రంగుతో గడిపాను. రెండూ పసుపే.”

“లోకమంతా నీలం అంటోంది!”

“లోకమంతా వచ్చి నా దగ్గరే అడుగుతుంది ఏది నీలమో.” మేస్త్రి కుడి కన్నూ ఆనించి చూశాడు. మార్పు లేదు. అప్పుడాయనకి విషయం అర్థమైపోయింది. “నీ గొట్టంలో అద్దం పసుపు పట్టింది. పాత సరుకు అంటగట్టారు నీకు.” అని జేబురుమాలు తీసి, ఆ అద్దం తుడవబోయాడు. తోడల్లుడు ఒంటికాలి మీద లేచి, పిల్లాణ్ణి లాక్కున్నట్టు గొట్టాన్ని లాక్కున్నాడు.

వదినగారు మధ్యలోకి వచ్చింది. తనూ చూసి, “నాకు నీలంగానే ఉంది మరిదిగారూ” అంది మెల్లగా.

“మీకు అన్నయ్య ఏది చెబితే అదే కనిపిస్తుంది వదినా. మా ఇంట్లో ఆ జబ్బు లేదు. ఏమే, నువ్వు చూసి చెప్పు.”

మేస్త్రి భార్య వంగి చూసింది. పదకొండు నలుపుల్ని వేరుచేసే కళ్ళు. ఆవిడ ఏమంటే అది ఖాయమని అందరికీ తెలుసు. చాలాసేపు గొట్టం వదల్లేదు. తర్వాత నడుము నిటారు చేసి, ఎవరి మొహమూ చూడకుండా చెప్పింది.

“నాకూ రెండూ పసుపుగానే ఉన్నాయి.”

తోడల్లుడు కొత్త కుర్చీలో కూలబడ్డాడు. అక్కగారు చెల్లెలి వైపు నోరు తెరుచుకుని చూసింది. మేస్త్రి జోడు పెట్టుకుని, చొక్కా సర్దుకుని, గెలిచినవాడిలా మెట్లు దిగాడు.

దారిలో రెండు దీపస్తంభాల దాకా ఆయన నడక నేల మీద లేదు. మూడో స్తంభం దగ్గర టక్కున ఆగిపోయాడు.

“ఏమే, నువ్వు నాతో అవునన్నావు.”

“అంటే ఏమైంది?”

“ఎందుకన్నావు?”

“కనిపించింది చెప్పాను. నడవండి, గాలి చల్లగా ఉంది.”

“ఉక్కగా లేదూ?”

“ఉందిలెండి కొంచెం” అంది ఆవిడ.

రెండోసారి! ముప్పై ఎనిమిదేళ్ళలో లేనిది, ఒక్క పూటలో రెండుసార్లు. ఈ మనిషి తనని చూసి జాలిపడుతోంది. దేనికి?

తెల్లవారి ఆవిడ నీళ్ళు పట్టుకుంటుండగా బిస్కెట్ల డబ్బా తీసుకుని కిటికీ దగ్గర కూర్చున్నాడు. నలుపు దారాలు ఏరి వరసగా పెట్టాడు. పదిహేను వచ్చాయి. పదకొండు ఉండాల్సినవి పదిహేను ఎలా అయ్యాయో తెలియలేదు. మళ్ళీ లెక్కపెట్టాడు, మళ్ళీ పదిహేనే. ఈలోగా ఆవిడ టీ గ్లాసుతో వచ్చి, వరసని చూసి, నిలబడిపోయింది.

“ఇందులో నీలం ఎన్ని?” అన్నాడు మేస్త్రి.

ఆవిడ గ్లాసు కిటికీలో పెట్టింది. వేలితో ఒకటి, రెండు, మూడు, నాలుగు పక్కకి జరిపింది. ఆయన కళ్ళు చిట్లించి చూశాడు. ఆ నాలుగూ, మిగతా పదకొండూ, అన్నీ ఒక తల్లి పిల్లల్లా నల్లగానే ఉన్నాయి.

“ఎన్నాళ్ళయింది నీకు తెలిసి?”

“ఆరేళ్ళు. బ్యాంకాయన నీలం కోటుకి మీరు ముదురాకుపచ్చ దారం తీసిచ్చారు. జోక్ చేశారనుకున్నాను. మీరు జోకులెయ్యరని తర్వాత గుర్తొచ్చింది. అప్పట్నించీ బొత్తాల కొట్టు ఆవిణ్ణి అడుగుతున్నాను.”

“నాకు చెప్పలేదేం?”

“చెబితే పీట దిగిపోతారు. దిగిపోయి ఇంట్లో కూర్చుంటారు. పొద్దస్తమానం మీరు ఇంట్లో కూర్చుంటే నేను తట్టుకోగలనా?” అంది. మాట కటువుగానే అంది గానీ కళ్ళు తడిగా ఉన్నాయి. అవి ఏ రంగువో మేస్త్రికి బాగా తెలుసు, అందుకోసం వాటిని చూడక్కర్లేదు. చూశాడు.

కంటి డాక్టరమ్మ దీపం వేసి రెండు కళ్ళూ చూసింది. రెండింట్లోనూ శుక్లాలు, అవీ ముదిరి పసుపెక్కినవి. “నీలం లోపలికి వెళ్ళనివ్వడం లేదు మీ కళ్ళు. ముందు ఎడమది చేద్దాం, తర్వాత కుడిది” అంది. కొట్టులో ఏమని చెప్పి సెలవు పెట్టాలో తెలియక, తోడల్లుడి ఇంటి పైకప్పు కారుతోంది, దగ్గరుండి బాగుచేయించాలి అన్నాడు మేస్త్రి. లేని చిల్లుకి నాలుగు రోజుల మరమ్మతు. “దాచకండి” అన్న యజమానురాలి మొహంలోకి చూడలేక, ఈ అబద్ధం కిటికీ వైపు తిరిగి చెప్పాడు.

ఆసుపత్రికి వెంట వచ్చింది తోడల్లుడే. దారి పొడుగునా నక్షత్రం ఊసెత్తలేదు. అంత మంచితనం ఆయనలో ఉందని మేస్త్రి ఎన్నడూ అనుకోలేదు. ఆపరేషను గది తలుపు దాకా నోరు బిగబట్టుకుని, అక్కడ ఇక ఆగలేక, “భయపడకు తమ్ముడూ. గొట్టంలో అద్దం మారుస్తున్నారు, అంతే” అన్నాడు.

మరునాడు కట్టు విప్పారు. మేస్త్రి ఎడమ కన్ను తెరిచి, ఎదురుగా గోడ చూసి, గట్టిగా మూసేసుకున్నాడు.

“డాక్టరమ్మగారూ, కంట్లో ఏదో నీలం మందు ఉండిపోయింది.”

“ఏ మందూ లేదే.”

“గోడంతా నీలంగా కనిపిస్తోందమ్మా!”

“గోడ నీలమే కదండీ. మీ కొట్టు నుంచే తెచ్చారట. నేను ఈ ఊరు వచ్చిన కొత్తలో అనుకునేదాన్ని, వీళ్ళకి లేత నీలమంటే ఎంత ఇష్టమో అని.”

మేస్త్రి ఎడమ కన్ను మూసి కుడి కంటితో చూశాడు. గోడ పాలలా తెల్లగా ఉంది. కుడిది మూసి ఎడమది తెరిచాడు. నీలం. మళ్ళీ అది, మళ్ళీ ఇది. “ఆరు బొట్లు” అన్నాడు నీరసంగా.

ఇంటికి నడిచే వెళతానని పట్టుబట్టాడు. నడక ఎందుకు పెట్టుకున్నానా అని వీధి మలుపులోనే అనిపించింది. ఊరు ఊరంతా తన చేతిపని, ఒకటి కాకపోతే ఒకటి నీలం. పోస్టాఫీసు మూడు బొట్లు. అది ఆరేళ్ళ నాటిది, చూసీ చూడనట్టుంది. బేకరీ అయిదు. దర్జీ ఇల్లు ఏడు. బడి గోడ మొన్న వేసవిలో తొమ్మిది బొట్లతో వేయించారు, దూరం నుంచి చూస్తే ఆకాశం కింద పడ్డట్టుంది. తన కన్ను ఏ ఏడు ఎంత పోయిందో వీధి పొడుగునా రాసి ఉంది. ఎవరికీ చదవడం రాదు, ఒక్క తనకి తప్ప. సిగ్గుతో మేస్త్రి చెవులు కాలిపోయాయి. జనం ఎదురొచ్చి “కంటికేమైంది మేస్త్రీ గారూ?” అంటుంటే “నలుసు పడింది” అంటూ తల వంచుకుని నడిచాడు.

సొంత ఇంటి గుమ్మంలో ఆగాడు. ఏడు బొట్లు. లోపలికి వెళ్ళి నాలుగు గోడలూ చూసి, భార్య వైపు తిరిగాడు.

“నీకు ఇది మొదటి నుంచీ ఇలాగే కనిపిస్తోందా?”

“రెండేళ్ళుగా నీళ్ళ తొట్టిలో కాపురం చేస్తున్నట్టుంది. అలవాటైపోయింది లెండి.”

ఆవిడ సలహా ఒకటే. కన్ను బాగైంది కాబట్టి నోరు మూసుకుని మళ్ళీ రెండు బొట్లకి తిరిగిపొమ్మంది. ఎవరికి తెలుస్తుంది? మేస్త్రి అలాగే చేశాడు. సోమవారం పీటెక్కి, ఎడమ కంటితో చూస్తూ, రెండు బొట్లు వేసి, గోరు మీద రాసి, గుమ్మంలో పట్టి, సంతోషంతో వణికిపోయాడు. అంత చక్కటి తెలుపు ఎన్నేళ్ళయిందో చూసి. అది బేకరీ వాళ్ళ వంటగదికి వెళ్ళింది.

మధ్యాహ్నం బేకరీ ఆయన బకెట్టు మోసుకుంటూ వెనక్కి వచ్చాడు.

“ఇది పసుపు మేస్త్రీ గారూ. నాకు మీ తెలుపు కావాలి.”

మంగళవారం దర్జీ తిరిగొచ్చాడు, అదే మాట. బుధవారం ఇద్దరు. మేస్త్రి చెయ్యి తప్పిందట, కంట్లో నలుసు పడ్డప్పట్నించీ అలాగే ఉందట అని ఊళ్ళో గుసగుసలు పుట్టాయి. అవి యజమానురాలి చెవిన పడ్డాయి. ఆవిడ ఏమీ అడగలేదు. సేల్స్ ఆయనకి ఫోను చేసి, మిషను తెచ్చి ఒక రోజు పనిచేసి చూపించమంది.

శుక్రవారం మిషను వచ్చింది, బీరువా అంత ఉంది. చూడ్డానికి పదిహేను మంది పోగయ్యారు. మేస్త్రి భార్య కూడా కుట్టిన కోటు ఇచ్చే నెపంతో వచ్చి, గుమ్మం పక్కన నిలబడింది. సేల్స్ ఆయన బటన్ నొక్కి తెలుపు చేయించి చెక్క పలక మీద రాశాడు.

“ఇప్పుడు మీరు చెయ్యండి మేస్త్రీ గారూ” అంది యజమానురాలు. “కొత్తది కాదు. ఊరికి నచ్చిన తెలుపు, ఎప్పుడూ చేసేది.”

మేస్త్రి ఎడమ కన్ను మూసుకున్నాడు. కుడి కంటితో చూస్తూ ఒక్కొక్క బొట్టే వేశాడు. తొమ్మిది. తల వాల్చి, “ఇంకో బొట్టు” అనబోయి మింగేశాడు.

రెండు పలకలూ పక్కపక్కన పెట్టారు. ఒక్క క్షణం కూడా పట్టలేదు. “ఇదీ తెలుపు!” అని పదిహేను మందీ మేస్త్రి పలక చూపించారు. మిషను పలక పాత దంతంలా ఉందన్నాడు దర్జీ. సేల్స్ ఆయన పుస్తకం తీసి, అంకెలు చూపించి, గొంతు పోయేలా వాదించాడు. వినేవాళ్ళు లేరు. యజమానురాలి మొహం విప్పారింది.

“మిషను వద్దండీ, తీసుకెళ్ళండి. మేస్త్రీ గారూ, పీట మీదే.”

అదే ఆయన కోరుకున్న మాట. నోరు కదపకుండా కూర్చుంటే చాలు, చచ్చేదాకా కూర్చోవచ్చు. గుమ్మం పక్క నుంచి భార్య ‘వద్దు’ అన్నట్టు తల అడ్డంగా ఊపుతోంది. మేస్త్రి ఆ రెండు పలకల వంకా చూశాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో తప్పు రంగుని ఒప్పని తెలిసి తెలిసి ఎవరికీ ఇవ్వలేదు. పీట దిగాడు.

“మిషను తెలుపే తెలుపమ్మా. నాది నీలం. ఆరేళ్ళుగా నా కళ్ళకి శుక్లాలు. పైకప్పు కారలేదు, ఆపరేషను చేయించుకున్నాను.”

బేకరీ ఆయన గొంతు తగ్గించి పక్కవాడితో అన్నాడు, “పాపం, ఆపరేషన్లో ఏదో తేడా చేసినట్టున్నారు.” అందరూ జాలిగా తలలూపారు. మేస్త్రి తెలుపుని మేస్త్రే కాదంటే ఎలా? “మీరు కాస్త పడుకోండి” అని ఒకరు మంచినీళ్ళు అందించారు.

మేస్త్రికి చిర్రెత్తుకొచ్చింది. మిషను పలక చంకన పెట్టుకుని, ఆ పదిహేను మందినీ వెంటేసుకుని వీధి దాటి, దాన్ని బేకరీ గోడకి ఆనించి పట్టుకున్నాడు. ఆ పక్కనే పొద్దున్న తెచ్చిన మైదా పిండి సంచి ఒకటి చిరిగి, కిటికీ గట్టు మీద పిండి ఒలికి ఉంది. పిండి ఒక పక్క, పలక ఒక పక్క, మధ్యలో గోడ. పలకా పిండీ ఒక్కలా ఉన్నాయి. గోడ ఒక్కటే నీలంగా ఉంది.

ఒక్కొక్కరే చూశారు. ఒక్కొక్కరే తల తిప్పి వీధి మొత్తం చూశారు. దర్జీ తన ఇంటి వైపు చూసి “ఓరి నాయనో” అన్నాడు.

అందరికంటే ముందు తేరుకున్నది బేకరీ ఆయనే. “అయితే ఇప్పుడు నా గోడలో పెచ్చు ఊడిన చోట నిజం తెలుపు వేస్తే, అతుకేసినట్టు పసుపుగా కనపడదా?”

“కనపడుతుంది” అన్నాడు మేస్త్రి.

“ఈ మిషను నా గోడ రంగు ఇస్తుందా?”

“మీ గోడ అయిదు బొట్లు. దర్జీగారిది ఏడు. బడి తొమ్మిది. అదంతా ఏ పుస్తకంలోనూ లేదు.” మేస్త్రి తన తలని వేలితో తట్టి చూపించాడు, గొప్పకి కాదు, ఏడవలేక.

యజమానురాలికి కోపం వచ్చింది, అది దాచుకోలేదు. “ఆరేళ్ళు మీకు తెలియదు, సరే. తెలిశాక కూడా ఇన్ని రోజులు దాచారు చూడండి, అందుకు కోపంగా ఉంది నాకు.”

“ఉండాలమ్మా” అన్నాడు మేస్త్రి.

“కొత్త ఇళ్ళకి మిషను. పాత ఇళ్ళకి మీరు.” వీధి చివరిదాకా ఓసారి చూసింది. “పాతవి ఎన్ని ఉంటాయి?”

“ఊరంతా.”

“అయితే ఇప్పట్లో మీకు విశ్రాంతి లేదు” అని చరచరా కొట్టులోకి వెళ్ళిపోయింది. మేస్త్రి ఆ వీధి మధ్యలోనే నిలబడి కళ్ళు తుడుచుకోబోయాడు. ఎడమ కన్ను తుడవకూడదని డాక్టరమ్మ చెప్పింది కాబట్టి కుడిది మాత్రం తుడుచుకున్నాడు. కుడి కంటి ఆపరేషనుకి రమ్మని ఆసుపత్రి నుంచి కబురొస్తే, “దానికి ఇంకా కొంచెం పని ఉందండీ, కొన్నాళ్ళు ఆగండి” అని చెప్పి పంపాడు.

ఆ ఆదివారం సాయంత్రం, పిలవకుండానే, మేస్త్రి దంపతులు తోడల్లుడి డాబా ఎక్కారు. టెలిస్కోపు కొన్నాక చుట్టాలు కోరి చీకటివేళ రావడం అదే మొదలు. తోడల్లుడు గొట్టం తిప్పి, హంస ముక్కు వెతికి, పక్కకి తప్పుకున్నాడు.

మేస్త్రి ముందు కుడి కన్ను ఆనించాడు. రెండూ పసుపే. పాత స్నేహితుల్ని పలకరించినట్టు కాసేపు చూశాడు. తర్వాత ఎడమ కన్ను ఆనించాడు.

పెద్దది బంగారం. దాని పక్కనే, ఒదిగి, చిన్నగా, నీలం. ఆయన సీసాల్లో ఎప్పుడూ లేని నీలం. అన్నాళ్ళూ అది అక్కడే ఉంది, తనకే కనిపించలేదు. తల వాల్చి చూడాలని మెడ దానంతటదే కదిలింది, మళ్ళీ గొట్టం అడ్డొచ్చింది. అయినా ఆ రంగులో ఇంకో బొట్టు వేయడానికి ఎక్కడా చోటు లేదు.

“నీలమే అన్నయ్యా. తప్పు నాదే” అన్నాడు.

ఈ మాట కోసం నెల రోజులుగా దాచుకున్న పాఠం ఒకటి తోడల్లుడి దగ్గర తయారుగా ఉంది. తీరా ఆ క్షణం వచ్చేసరికి ఆయనకి అందులో ఒక్క ముక్కా గుర్తు రాలేదు. తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి ఊరుకున్నాడు.

“ఏదీ, జరగండి” అంది మేస్త్రి భార్య. వంగి, గొట్టానికి కన్ను ఆనించి, తాపీగా చూసింది.

“నీలమెక్కడ?” అంది. “నాకు రెండూ పసుపుగానే ఉన్నాయి.”

తోడల్లుడు తల పట్టుకున్నాడు. అక్కగారు ఫక్కున నవ్వింది. మేస్త్రికి మాత్రం నెల రోజులుగా ఛాతీలో బిగుసుకుపోయి ఉన్నదేదో ఒక్కసారిగా వదిలింది. ఆవిడ కాదంది. హాయిగా, పూర్తిగా, ఎప్పటిలాగే కాదంది.

“నీకు కళ్ళు పోయాయే. నీలం అది!”

“మీకు ఒక్క కన్నే బాగుంది. నాకు రెండూ బాగున్నాయి. పసుపే.”

మెట్లు దిగుతూ వాదించుకున్నారు, వీధిలో వాదించుకున్నారు. మూడో దీపస్తంభం దగ్గర మేస్త్రి ఆగి, గాలి చల్లగా ఉందన్నాడు. ఉక్కగా ఉంది నడవండి అంది ఆవిడ.